పెదపారుపూడి లోగిలి

ఇల్లనగా నాలుగు గోడలును, పైనొక కప్పును మాత్రమే కాదు. అందు కాపురముండువారి యాచారములును, అవసరములును, భయములును గూడ ఆ గోడలలో కలిసి నిలిచియుండును. ఈ మాట మేము పలుమారులు వినియుంటిమి గాని, దాని యర్థము గడచిన వేసవిలో పెదపారుపూడిలో తెలిసికొంటిమి. అది సోదరీమణులతో చెప్పుకొనదగిన సంగతియని తోచి యీ నాలుగు మాటలు వ్రాయ సాహసించుచున్నాము.

మావారు బందరులో ఉపాధ్యాయులు. వారి స్వగ్రామమగు పెదపారుపూడి గుడివాడకు చేరువనున్నది. అచ్చట మా మామగారి తండ్రిగారు కట్టించిన మండువా లోగిలి యొకటి కలదు. మామగారు గతించిన పిమ్మట అత్తగారు పెద్దకుమారునితో అందే యున్నారు. పెంకులు జారి, వాసములకు చెదపట్టి, రెండు వర్షాకాలములుగా పడమటిగది కారుచుండెను. "ఇల్లు పడగొట్టి డాబా వేయుదమా, మరమ్మతు చేయించి యుంచుకొందమా, అందరము కూర్చుండి తేల్చుకొనవలెను, సెలవులీయగానే రండు" అని బావగారు ఫోనులో కబురు చేసిరి. మేము మాత్రము ముందే తేల్చుకొని బయలుదేరితిమి. ఆ లోగిలిని పడగొట్టనీయరాదని మా పట్టుదల.

ఆ పట్టుదలకు కారణము మా చదువు. మా తండ్రిగారు మాకు ఇంటనే కావ్యములును నాటకములును చెప్పిరి. వరాహమిహిరుడు బృహత్సంహితలో సర్వతోభద్రము, నంద్యావర్తము, వర్ధమానము, స్వస్తికము, రుచకము అని చతుశ్శాలలకు పేర్లు పెట్టి భేదములు చెప్పిన భాగము చదివిననాటినుండి, నాలుగువైపుల శాలలును నడుమ ఆకాశమును గల యిల్లే యిల్లని మా మనసున నాటుకొనిపోయినది. మృచ్ఛకటికములో మైత్రేయుడు వసంతసేన యింటి యెనిమిది ప్రకోష్ఠములను ఒకదాని వెంట నొకటి చూచి అబ్బురపడు ఘట్టము మాకు మిక్కిలి యిష్టము. అట్టి యిండ్ల వంశమునకు చెందిన లోగిలి మన చేతిలో నుండగా దానిని కాంక్రీటుకు బలి యిత్తుమా యని మేము దారిపొడుగునను మావారితో వాదించుచునే యుంటిమి. వారు నవ్వి యూరకుండిరి.

బందరులో రైలెక్కినది మొదలు గుడివాడ చేరువరకు కిటికీలోనుండి ఇండ్లనే చూచితిమి. పెడన, గుడ్లవల్లేరు దాటుచుండగా చేపలచెరువుల గట్లమీద తాటాకుపాకలు, ఊళ్ల నడుమ పెంకుటిండ్లు, వాని ప్రక్కనే రంగురంగుల మేడలు, మేడల నెత్తిన నల్లని నీటితొట్లు. గుడివాడలో దిగి బస్సెక్కి పెదపారుపూడి చేరి వీధిలో నడచుచుండగా అవే నాలుగు తరగతులు ఒక్క వీధిలోనే కానవచ్చినవి. మట్టిగోడల తాటాకిల్లు, గూనపెంకుల యిల్లు, బెంగుళూరు పెంకుల యిల్లు, సిమెంటు డాబా. ఒక్క వీధిని చివరనుండి చివరకు నడచినచో నూటయేబది యేండ్లు నడచినట్లే యున్నది.

ఈ సీమలో ఇండ్లెప్పుడును ఒక్క తీరున నిలిచియుండలేదు. 1832-33 సంవత్సరముల కరవు ఈ ప్రాంతములను పాడుచేసినది. అటుపిమ్మట 1852లో బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట మొదలుపెట్టి 1855లో ముగించిరి. కాలువలు వచ్చినవి, కాలువలతో వరి వచ్చినది. పండిన ధాన్యమును దాచుటకు ఇంటిలో గాదెలును, వాకిట గడ్డివెంటితో చుట్టిన పురులును కావలసివచ్చెను. ఎద్దులకు చావిడియు, నూర్పిళ్లకు విశాలమైన దొడ్డియు కావలసివచ్చెను. చేతిలో నాలుగు రూకలు ఆడినకొలది తాటాకు పోయి పెంకు వచ్చెను. కాలువలలో పడవలు నడచినందున కలపయు సున్నమును ఊరి రేవునకే చేరుచుండెను. 1865లో బాసెలుమిషనువారు మంగుళూరులో పెంకుల కార్ఖానా పెట్టిన పిదప, ఒకదానిలో నొకటి పట్టుకొని నిలుచు బల్లపరుపు పెంకులు దేశమంతట వ్యాపించినవి. గూనపెంకుకన్న వానికి బరువు తక్కువ, కలప తక్కువ. వానినే మావైపు బెంగుళూరు పెంకులని పిలుతురు. ఇట్లు నీరు, పంట, రేవు, కార్ఖానా ఈ నాలుగును కలిసి మా పెద్దల లోగిళ్లను తీర్చినవి. శాస్త్రగ్రంథములు కేవలము పేర్లు పెట్టినవి. ఈ వివేకము మాకు అప్పటికి లేదు.

ఇక మా లోగిలి సంగతి. వీధివాకిటికి ఇరువైపుల ఎత్తరుగులు. వానిపై టేకుస్తంభములు. గడప దాటగానే సావడి. సావడి దాటగానే నలుచదరపు మండువా. నాలుగువైపుల కప్పులును లోపలికి వాలి, వాననీరంతయు మండువాలో పడి తూమువెంట పెరటిలోనికి పోవును. ఎండకాలమున వేడిగాలి మీదికెగసి ఆ ఖాళీవెంట బయటికి పోగా, చూరుల క్రింది చల్లనిగాలి గదులలోనికి వచ్చును. మధ్యాహ్నము రెండుగంటల వేళ వీధిలో నిప్పులు చెరుగుచుండగా మేము మండువా వసారాలో చాపవేసికొని విసనకఱ్ఱయైన లేక పరుంటిమి. ఇంటి పునాదియు ఆలోచించి వేసినదే. ఈ నేల నల్లరేగడి. వానకు ఉబ్బును, ఎండకు నెఱ్ఱెలు వాఱును. నేల కదలినచో గోడ బీటలిచ్చును. అందువలన లోతుగా త్రవ్వి ఇసుకపోసి కట్టిరి. ఇప్పుడు అదే అవసరమునకు, అడుగున గుమ్మటమువలె వెడల్పుచేసిన కాంక్రీటు స్తంభములను నేలలోనికి దింపుచున్నారు. ఉపాయము మారినది గాని భూమి మారలేదు.

మొదటి రాత్రి భోజనములైన పిమ్మట మండువాలో సభ జరిగెను. బావగారు వ్యవసాయము చేయువారు. "ఏటేట పెంకులు నేయించుటకును చెదమందునకును అయిన ఖర్చుతో ఇప్పటికి సగము డాబా లేచెడిది" అనిరి. హైదరాబాదులో ఉద్యోగము చేయు మరిది తన సెల్ ఫోనులో చిత్రములు చూపెను. క్రింద స్తంభములు, కారులు నిలుచు చోటు, పైన ఇల్లు. "2024 సెప్టెంబరులో ప్రకాశము బ్యారేజీవద్ద 11 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది. బుడమేరు పొంగి బెజవాడలో ఇళ్లు మునిగిపోవడం మనం చూశాం కదా. ఇక నేలమీద ఇల్లేమిటి వదినా?" అనెను. మా ఆడబిడ్డ గూడ వచ్చియుండెను. 1986నాటి రాష్ట్రశాసనమువలనను, 2005నాటి కేంద్రశాసనమువలనను ఆడపిల్లలకు పిత్రార్జితములో సమానభాగమున్నది గాన ఆమె సంతకము లేనిదే ఇటుక కదలదు. అయినను ఆమె నేమియు అడిగినవారు లేరు. మా తోడికోడలు గ్లాసులు సర్దుచుండెను. అత్తగారు స్తంభమునకు చేరగిలబడి కన్నులు మూసికొని యుండిరి.

మేము మాత్రము నోరు కట్టుకొనలేదు. చతుశ్శాల గొప్పతనమును, మండువా చల్లదనమును, ఇట్టి యిండ్లు నానాటికి అంతరించుటను గూర్చి చెప్పితిమి. మావారు మా పక్షము వహించిరి. బావగారొక్క మాట అనిరి: "గాలివాన వస్తే మీ చతుశ్శాల పెంకులు ఎక్కడ ఏరుకొంటాం?" దానికి మాయొద్ద జవాబు లేకపోయెను.

ఏలయన, గాలివాన ఈ సీమలో ఇంటికి అసలైన మేస్త్రి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి ఉప్పెన బందరును ముంచి ఇంచుమించు ముప్పదివేలమందిని పొట్టపెట్టుకొన్నది. 1977 నవంబరు 19వ తేదీని దివిసీమమీద పడిన ఉప్పెనలో పదివేలకు పైగా ప్రాణములు పోయినవి. గత సంవత్సరము మేము చల్లపల్లి, అవనిగడ్డల మీదుగా నాగాయలంకలోని బంధువుల యింటికి పోయినప్పుడు ఆ సీమ యిండ్లను చూచితిమి. సముద్రతీరపు పూర్వులు గాలికి జంకి ఇంటిని గుండ్రముగా కట్టెడివారు. చుట్టిల్లు అనునది అదియే. మూలలు లేవు గాన గాలి పట్టుదొరకక చుట్టి పోవును. తాటాకుకప్పు నేలనంటునంతగా వాలియుండును. గాలికి అది ఆగునుగాని మనిషియెత్తు నీటికి ఆగదు. అందుచేత 1977 పిమ్మట ప్రభుత్వమును, ధర్మసంస్థలును ఆ తీరమున కాంక్రీటు ఇండ్లను వరుసలుగా కట్టించిరి. తుపాను ఆశ్రయభవనములను ఎత్తైన స్తంభములపై నిలిపిరి. అవి ప్రాణములు కాచుటకు పుట్టినవి. వానిని చిన్నచూపు చూడరాదు. అయినను ఆ వరుసయిండ్లలో మాకొక విశేషము కనబడినది. పెక్కింటి వెనుక ఇల్లాండ్రు తాటాకుతో ఒక చిన్న పంచ దింపుకొని, అందు పొయ్యి పెట్టుకొని యుండిరి. కట్టించినవారు గాలిని తలచిరి, నీటిని తలచిరి. చేపల పులుసు ఎక్కడ కాగవలెనో తలచినట్లు లేదు. ఇల్లాలు ఆ లోపమును తాటాకుతో పూరించుకొన్నది.

మరునాటి యుదయమున మేము కాగితమును పెన్సిలును తీసికొని లోగిలి కొలతలు వ్రాసికొన నారంభించితిమి. పడిపోవునేమో, కనీసము పటమైన మిగులుననుకొంటిమి. అత్తగారు చేతికఱ్ఱతో మా వెంట నడచి ఒక్కొక్క చోటు చూపిరి. నూతినుండి వంటింటికి ఇరువదియారు అడుగులు. వంటింటినుండి మగవారు భోజనముచేయు సావడికి ఇరువదియొకటి. పడకగదినుండి పెరటి చివరనున్న మరుగుదొడ్డికి నలుబదిరెండు.

"ఇది కూడా నా పెళ్లినాటికి లేదమ్మాయ్," అనిరి అత్తగారు. "తెల్లవారకముందు కాలవగట్టు, పొద్దుగూకాక కాలవగట్టు. మధ్యలో అవసరమైతే నీళ్లు తాగకుండా ఉండడమే. దొడ్డి కట్టేటప్పుడు కూడా ఇంటికి దూరంగా ఉండాలని ఆ మూలకు తోశారు. ఇప్పుడు నా మోకాళ్లకు ఆ దూరం ఎంతో నువ్వే లెక్కపెట్టావుగా."

వంటింటిలో పైకప్పు లోవైపు నల్లగా నిగనిగలాడుచున్నది. అది తరతరముల పొగ. ఇదే కృష్ణాతీరమందలి శ్రీకాకుళాంధ్రవిష్ణువు కలలో కానవచ్చి ఆనతీయగా కృష్ణదేవరాయలు రచించిన ఆముక్తమాల్యదలో, వానకాలమున నిప్పుకొఱకు ఇల్లిల్లు తిరుగుటయు, తడికట్టెల పొగతో ఇల్లాండ్రు పడు అవస్థయు వర్ణింపబడినవి. ఆ పద్యములను మేము ఎంతయో రుచిగా చదివియుంటిమి. అత్తగారు నల్లని ఆ వాసములవైపు చూపి, "పైరగాలి వీస్తే పొగ బయటికి పోక మండువాలోకే తిరిగేది. మా అత్తగారికి చివరి రోజుల్లో చూపు సన్నగిల్లింది. వంటిల్లు ఆగ్నేయంలోనే ఉండాలన్నారు గానీ గాలి ఎటు వీస్తుందని ఎవరూ అడగలేదు" అనిరి. 1999లో ప్రభుత్వము దీపము పథకముక్రింద స్త్రీసంఘములకు గ్యాసు కనెక్షనులిచ్చినప్పుడు ఊరిలో ఎందరికో ఆ పొగ తప్పినదట. మా యింటికి అంతకు కొంచెము ముందే గ్యాసు వచ్చినను, పొయ్యి మాత్రము ఆ నల్లని గదిలోనే నిలిచినది.

అట్లు తిరుగుచు పెరటివైపు గోడయొద్దకు వచ్చితిమి. అచ్చట ఒక చిన్న తలుపు కలదు. దానిపై మామిడాకుల చెక్కడమున్నది. మేము మిక్కిలి ముచ్చటపడి గడియ తీసితిమి. తలుపునకావల ఒక్క రాతిమెట్టు; ఆ మెట్టు క్రింద ఏమియులేదు, పెరటి మన్ను మాత్రమే. మెట్టుకు ప్రక్కల నేలలో రెండు గుంజల గుర్తులు కలవు.

"ఈ తలుపు ఎక్కడికి, అత్తయ్యగారూ?" అని యడిగితిమి.

వారు కొంతసేపు మాటాడలేదు. పిదప మెట్టుమీద కూర్చుండి చెప్పిరి.

"ఇక్కడ ఒక పంచ ఉండేది. తాటాకు పంచ. నెలకు మూడు రోజులు మా ఇల్లు అదే. కంచం వేరు, చెంబు వేరు, చాప వేరు. నాకు పెళ్లయిన మరుసటేడు కార్తీకమాసంలో దివి ఉప్పెన వచ్చింది. ఆ రాత్రి నేను ఇందులోనే ఉన్నాను. గాలి మొదలైంది. తలుపు లోపలివైపు గడియ. తట్టాలంటే భయం, ముట్టుకోకూడదు గదా. కాసేపటికి తాటాకంతా ఎగిరిపోయింది. వాన రాళ్లు విసిరినట్టు పడుతోంది. నేను గోడను కరుచుకొని కూర్చున్నాను. పందొమ్మిదేళ్ల దాన్ని. చచ్చిపోతాననుకున్నాను. అప్పుడు మా అత్తగారు గడియ తీశారు. ఒక్కమాట లేదు. నా చెయ్యి పట్టుకొని లోపలికి లాగి, తడిబట్టలతోనే దేవుడి గది గుమ్మం దగ్గర కూర్చోబెట్టి, తన పైచెంగు నాకు కప్పారు. తెల్లారిన తర్వాత కూడా బయటికి పొమ్మనలేదు. ఆ పంచ మళ్లీ వేయించలేదు. ఎవరో ఆచారం ఏమవుతుందని అడిగితే, 'గాలికి పోయింది' అన్నారు. అంతే."

మేము కాగితము మడిచివేసితిమి. లోగిలిలో ప్రతి స్తంభమును కొలిచితిమి గాని, లేని పంచను కొలుచుట మాకు చేతకాలేదు. ఇంతకాలము మేము నేర్చిన చతుశ్శాలలలో సర్వతోభద్రమునకు నాలుగు ద్వారములని చదివితిమి. ఏ ద్వారము ఎవరికొఱకు మూయబడునో చదువలేదు. ఇంటి పటము మనుష్యుల పటమేయని అప్పుడు తెలిసెను. అరుగుమీద ఎవరు కూర్చుండవచ్చును, సావడిదాక ఎవరు రావచ్చును, పనికి వచ్చు కూలియాడువారు ఏ దారిని పెరటిలోనికి పోవలెను, కోడలు ఏ గుమ్మముచాటున నిలువవలెను, అన్నియు ఆ గోడలే చెప్పుచుండెను. ఒక ముసలమ్మ ఒక రాత్రి ఒక గడియ తీయగా, పటములో ఒక భాగము తుడిచిపెట్టుకొనిపోయినది. ఆచారము మారుట యనగా నిదియే గదా. ఉపన్యాసములు లేవు, పంచను మరల వేయింపలేదు, అంతమాత్రమే.

ఈ యూరనే 1936లో జన్మించిన చెరుకూరి రామోజీరావుగారు 1996లో హైదరాబాదు చెంత చలనచిత్రనగరమును స్థాపించిరి. అచ్చట దేశదేశముల యిండ్ల ముఖములు కలవు. చూచుటకు మేలుగానుండును, లోపల పొయ్యి యుండదు, పడక యుండదు. అవి సినిమాకొఱకు కట్టినవి గాన అది లోపము కాదు. కాని మేము మా అత్తగారి లోగిలిని గూడ అట్టి ముఖముగానే చూచితిమిగదా యని సిగ్గుపడితిమి. మేము ఏడాదికి పదిదినములు చాపవేసికొని పరుండు ఇంట, వారు నలుబదియెనిమిదేండ్లు నడచిరి.

ఆ రాత్రి మరల సభ కూడినప్పుడు మేము వాదమునకు దిగలేదు. "బావగారూ, ఇంట అందరికన్న ఎక్కువసేపు ఉండువారు అత్తయ్యగారు. వారికేమి కావలయునో ముందు విందము" అంటిమి. అందరును ఒక్కక్షణము నిశ్శబ్దులైరి. ఆ ప్రశ్న తమకు తోచనందుకు నొచ్చుకొన్నట్లు బావగారు తల వంచుకొనిరి.

అత్తగారు తడుముకొనక చెప్పిరి. "పడగొట్టండి. నాకు బెంగ లేదు. నా మంచానికి పది అడుగుల్లో మరుగుదొడ్డి, స్నానాల గది ఉండాలి. గడపలు కాలికి తగలకూడదు. వంటింట్లో ఇద్దరు ముగ్గురు నిలబడే చోటు ఉండాలి. ఒక్కత్తెనే గోడకు మొహం పెట్టి వండే వంటిల్లు నాకు వద్దు. అరుగు మాత్రం తీయకండి. అరుగు లేకపోతే నా దగ్గరకు ఎవరొస్తారు? తలుపు తట్టి లోపలికొచ్చి సోఫాలో కూర్చునేవాళ్లు వేరు, దారిన పోతూ అరుగుమీద కూలబడేవాళ్లు వేరు."

పిదప మా తోడికోడలు, ఎన్నడును నోరువిప్పనిది, బట్టలారవేయుటకు వాన తగులని చోటు కావలెననెను. ఆడబిడ్డ నవ్వుచు, "నేను వచ్చినప్పుడల్లా వంటింటి గుమ్మంలో పడుకొంటున్నాను. నా వాటాకు బదులు నాకొక గది చూపండి, తలుపుతో సహా" అనెను. మరిది తన ఫోను మూసి కాగితము తీసికొనెను.

ఒక్కత్తె వండు వంటింటిని గూర్చి అత్తగారు చెప్పిన మాట వినగా మాకు ఐరోపాలోని ఒక కథ జ్ఞప్తికి వచ్చినది. 1926లో మార్గరెట్ షుట్టె-లిహొట్స్కీ యను ఆస్ట్రియాదేశపు స్త్రీ, ఫ్రాంకుఫర్టు నగరమందలి కార్మికులయిండ్లకు ఒక క్రొత్త వంటగదిని కల్పించినది. వెడల్పు రెండు మీటర్లకు లోపు. పొడవు మూడున్నర మీటర్లకు లోపు. ఇల్లాలి అడుగులను నిమిషములను లెక్కించి, చేయిచాచినంతలో సమస్తమును అమర్చినది. ఇంచుమించు పదివేల యిండ్లలో అట్టివి పెట్టిరి. నేడు మన పట్టణములలో మాడ్యులర్ కిచెన్ అని అమ్ముచున్నవానికి అది పెద్దమ్మ. శ్రమ తగ్గినమాట నిజము. కాని అందు ఇద్దరు నిలువజాలరు. బిడ్డ ఆడుకొనుటకు తావులేదు. తాను అంతకుముందు వంట చేసియుండలేదని ఆమెయే తరువాత చెప్పుకొన్నది. అడుగులు లెక్కించుట మంచిదే. ఎవరి తోడు ఎవరికి కావలెనో గూడ లెక్కింపవలెనని మా అత్తగారి శాస్త్రము.

మూడుదినముల చర్చపిమ్మట ఒక పటము తయారయ్యెను. నేలకు మూడడుగుల యెత్తున ఇల్లు. మెట్లతోబాటు ఒక వాలుబాట. కాంక్రీటు కప్పు, వరదవచ్చినచో పైకి చేరుటకు లోపలినుండియే మేడమెట్లు. అయితే కాంక్రీటు పగలంతయు ఎండను త్రాగి రాత్రి మనమీదికి వెడలగ్రక్కును. దానికి విరుగుడుగా కప్పుపై తెల్లని పూత వేయించుటకు నిశ్చయించితిమి. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పుల విధానమొకటి ప్రకటించి ఇట్టి పూతలనే ప్రోత్సహించినది. మా పెద్దలు ఏటేట గోడకు సున్నము వేయించుటలోని కిటుకును ఇదియే. మండువాను పూర్తిగా విడిచిపెట్టలేదు. నడుమ పదియడుగుల చదరమును ఆకాశమునకు తెరిచి, దొంగభయమునకు ఇనుపచట్రము బిగింతురు. దాని ప్రక్కనే బట్టలారవేయు వసారా. వంటగది కిటికీ అరుగువైపునకు తెరచుకొనును. పాత టేకుస్తంభములు నాలుగును క్రొత్త అరుగుమీద నిలుచును. ఇది చతుశ్శాలయు కాదు, మరిది చూపిన చిత్రమును కాదు. ఒక్కొక్కరు కొంచెము విడిచి, కొంచెము పట్టుకొని చేసికొన్న యిల్లు.

ఇట్లు చెప్పుటవలన పాతయిండ్లన్నియు కూల్చివేయవలెనని మా యభిప్రాయము కాదు. బాగుచేసికొని సుఖముగా నుండగలిగిన లోగిళ్లు నేటికిని కలవు. వానిని కాపాడుకొనుట ఉచితమే. అట్లే క్రొత్తవన్నియు మేలనియు కాదు. వీధి పొడుగునను లక్షలుపెట్టి కట్టి, బిడ్డలు విదేశములలో నుండగా తాళములు వేసియున్న మేడలను గూడ చూచితిమి. వానిలో అతిథులకు నాలుగు పడకగదులు కలవు. ఇరుగమ్మ కూర్చుండుటకు అరుగు లేదు. అవసరమెరిగి కట్టినది ఇల్లు. ఎదుటివారి కంటికి కట్టినది గోడ.

కావున సోదరీమణులకు మా మనవి యొక్కటే. మీ యింట ఇటుక పేర్చువేళ పటము ముందు మీరును కూర్చుండుడు. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము పేదలకు పంచిన ఇంటిస్థలముల పట్టాలు స్త్రీల పేరనే యిచ్చినది. పల్లెలో సెంటున్నర, పట్టణములో సెంటు. అంత చిన్నచోటనైన పొయ్యి ఎటు, గాలి ఎటు, ముసలివారి మంచమునకు మరుగుదొడ్డి ఎంతదూరము అని అడుగులువేసి లెక్కింపవచ్చును. పాతదానిని తీసివేయుటకు ముందు అది ఎందుకు పుట్టినదో పెద్దలనడుగుడు. ఎందుకు పుట్టినదో తెలిసినపిమ్మట, ఉంచవలసినది అరుగువలె నిలుచును. పోవలసినది పంచవలె పోవును.

శ్రావణములో శంకుస్థాపన జరిగినది. పాత కలప వేరుచేయుచుండగా బావగారు ఆ చిన్న తలుపును ఎత్తిపట్టి, "చెక్కడం బాగుంది, దీన్నేం చేద్దామమ్మా?" అని యడిగిరి. మేము దానిని బందరునకు తీసికొనిపోయి గోడకు తగిలింపవలెనని లోలోపల ఆశపడుచుంటిమి గాని నోరు మెదపలేదు.

"గొడ్లచావిడికి బిగించండి," అనిరి అత్తగారు. "గడియ మాత్రం రెండువైపులా పెట్టించండి."